పడుకోబెట్టిన బ్యాటరీ



మోటారు సైకిలు కొనేటప్పుడు మనము ఇంజను గురించి అడుగుతాము, మైలేజి గురించి అడుగుతాము, టైర్లు నొక్కి చూస్తాము. బ్యాటరీ గురించి అడిగేవారు అరుదు. అది ప్రక్క మూత వెనుక మరుగున కూర్చుని ఉంటుంది. హారను మ్రోగనప్పుడో, లైటు వెలవెలబోయినప్పుడో గాని దాని జ్ఞాపకము రాదు. కిక్కు ఉన్న బండి అయితే కాలితో రెండు తన్నులు తన్ని వెళ్ళిపోయేవారే ఎక్కువ. అయితే కాలితో తన్నలేనివారి సంగతి వేరు. వారికి బ్యాటరీయే కాలు.

మా కుటుంబములో అటువంటివాడు ఒకడున్నాడు. మా తమ్మునికి రెండేండ్ల వయస్సులో పోలియో వచ్చి కుడి కాలు సన్నబడిపోయినది. మన దేశములో చివరి పోలియో కేసు 2011 జనవరిలో కనబడినది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశముతో కూడిన ఆగ్నేయ ఆసియా ప్రాంతమును పోలియో లేని ప్రాంతముగా ప్రకటించినది. కాబట్టి ఈనాటి పసిబిడ్డల తల్లులకు ఆ భయము అంతగా తెలియదు. అంతకు ముందు పుట్టినవారిలో మాత్రము అనేకులు ఆ గుర్తును మోస్తూనే కష్టపడి బ్రతుకుచున్నారు.

తమ్ముని వృత్తి కుట్టు మిషన్లు బాగుచేయుట. చీరాల, వేటపాలెము, ఈపూరుపాలెము, ఆ చుట్టుప్రక్కల పల్లెలు అతని పని ప్రాంతము. మిషను చెడిపోయిన ఇంటికి ఆ పూట కూలి రాదు గనుక కబురు రాగానే వెళ్ళవలెను. బస్సు దిగి పనిముట్ల పెట్టెతో సందులన్నీ నడవడము అతనికి సాధ్యము కాదు. అందుచేత మేమందరము కలిసి అతనికి 125 సి.సి. సెల్ఫు స్టార్టు బండి ఒకటి కొని, వెనుక చక్రమునకు అటు ఇటు రెండు చిన్న చక్రాలు పెట్టించాము. మన బండ్లలో గేరు ఎడమ కాలికి, వెనుక బ్రేకు కుడి కాలికి ఉంటాయి. అతని ఎడమ కాలు బలమైనదే గనుక గేరు అలాగే ఉంచి, బ్రేకును చేతి దగ్గరకు మార్పించాము. ఇటువంటి బండిని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టము ‘అడాప్టెడ్ వెహికల్’ అని పేర్కొన్నది. మార్పును రవాణా శాఖవారికి చూపి ఆర్.సి.లో వ్రాయించుకొన్నాము. వ్రాయించకుండా నడిపితే ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్సు దగ్గర చిక్కులు వస్తాయి గనుక ఈ సంగతి ముందుగానే చెప్పుచున్నాము.

అంతా బాగుగానే ఉన్నది గాని ఒక్క చిక్కు మిగిలినది. ప్రక్క చక్రాలను మోసే అడ్డపు గొట్టము సరిగ్గా బ్యాటరీ నిలబడే చోటునుండి పోయినది. గొట్టమును జరిపితే చక్రాల బలము తగ్గుతుంది. సీటు క్రింద కొంత ఖాళీ ఉన్నది, కాని దాని ఎత్తు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. బ్యాటరీ నిలబడితే అందులో పట్టదు, పడుకొంటే పడుతుంది.

ఇది 2021 వేసవి నాటి మాట. చక్రాలు పెట్టినచోటనే ఉన్న ఒక దుకాణములో కొత్త బ్యాటరీ తీసి అక్కడ పడుకోబెట్టి ఇచ్చారు. “ఇది సీల్డు బ్యాటరీ, ఎటు పెట్టినా ఏమీ కాదు” అన్నారు. తమ్ముడు సంతోషముగా పనిలోనికి దిగాడు.

నెల తిరగలేదు. ఒక రాత్రి ఏడున్నరకు ఫోను వచ్చినది. “అన్నయ్యా, కాలు పోయింది. తొందరగా రా” అన్నాడు. మా ఇద్దరి చేతులు వణికినవి. ఏ లారీ క్రింద పడినాడో అనుకొని, ప్రక్కింటివారి ఆటో వేసుకొని వెళ్ళాము. వేటపాలెము దాటిన తరువాత రోడ్డు ప్రక్కన, చీకటిలో, పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళూ ఉన్నవి. “ఆ కాలు కాదు వదినా, ఈ కాలు” అని బండి వైపు చూపించాడు. ఎవరికో దారి చెప్పడానికి బండి ఆపాడట. మరల బటను నొక్కితే టిక్కుమన్నదే గాని ఇంజను తిరగలేదు. కిక్కు కొట్టలేడు. మూడు చక్రాలు కలిసిన బండి గనుక ఒంటికాలి మీద నెట్టనూ లేడు. గంటసేపు అలాగే కూర్చున్నాడు. నవ్వుతూనే చెప్పాడు గాని, ఆ నవ్వు చూచి మాకు నవ్వు రాలేదు.

తెల్లవారి సీటు తీసి చూస్తే లోపల తెల్లని పొడి పేరుకొని ఉన్నది. ఫ్రేము మీది రంగు బొబ్బలెక్కి ఊడినది. ఒక వైరు మీది తొడుగు క్రింద రాగి పచ్చబడిపోయినది. తమ్ముని ప్యాంటుకు తొడ దగ్గర చిన్న చిన్న చిల్లులు పడినవి. చర్మము వరకు పోకపోవడము మేలు.

మా ఊరిలో నలభై ఏండ్లుగా బండ్లు బాగుచేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. ఊరందరికీ ఆయన బాబాయే. ఆయన దగ్గరకు బండిని తీసుకొనిపోయాము. ఆయన ఆ బ్యాటరీని చేతిలో త్రిప్పి చూచి, ప్రక్కనున్న సన్నని గొట్టమును చూపించారు. దానిని మడిచి, చుట్టూ టేపు బిగించి ఉన్నది.

“దీని ఊపిరి మూసేశార్రా అబ్బాయ్,” అన్నారు.

తరువాత ఆయన వివరించిన సంగతులు, మేము చదివి తెలుసుకొన్న సంగతులు కలిపి వ్రాస్తున్నాము. మీలో ఎవరికైనా ఉపయోగపడవచ్చును.

సీసపు పలకలు ఆమ్లములో ముంచి కరెంటు నిలువచేసే విధానమును 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. మన బండిలోని 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్క గది రెండు వోల్టుల చొప్పున ఇస్తుంది. పాత పద్ధతి బ్యాటరీలో ఆ గదులలో గంధకామ్లము, నీరు కలిసి ద్రవముగానే ఉంటాయి. చార్జి అవుతున్నప్పుడు ఆ నీటిలో కొంత హైడ్రోజను, ఆక్సిజను వాయువులుగా మారి పైకి వస్తుంది. అవి బయటకు పోవడానికే ఆ సన్నని గొట్టము. నీరు తగ్గుతుంది గనుకనే మధ్య మధ్య మూత తీసి డిస్టిల్డు వాటరు పోస్తాము. ఇటువంటి బ్యాటరీ చెంబుతో సమానము. చెంబును పడుకోబెడితే ఏమవుతుందో మనకు తెలుసు. ఆమ్లము గొట్టము గుండా కారుతుంది, పైగా పలకలలో ఒక భాగము పొడిగా బయటపడి పాడవుతుంది. గొట్టము మూసివేస్తే ఇంకా ప్రమాదము. లోపలి వాయువుకు దారి లేక, మూతల సందులనుండి ఆమ్లమును నెట్టుకొని వస్తుంది. డబ్బా పగలవచ్చును కూడ. హైడ్రోజను నిప్పురవ్వ తగిలితే పేలే వాయువు.

రెండవ రకము బ్యాటరీలో ఆమ్లము ద్రవముగా తిరుగదు. పలకల మధ్య సన్నని గాజు పీచుతో చేసిన చాపలు పెట్టి, ఆమ్లమును ఆ చాపలలో పీల్చియుంచుతారు. దీనిని ఏ.జి.ఎం. అంటారు. బాబాయి దీనికి తడిగుడ్డను పోల్చి చెప్పారు. తడిగుడ్డను నిలబెట్టినా పడుకోబెట్టినా, పిండితే తప్ప నీరు కారదు గదా! చాపలు పూర్తిగా మునిగిపోయేటంత ఆమ్లము పోయరు. మిగిలిన సన్నని ఖాళీలగుండా ఆక్సిజను అవతలి పలకకు చేరి మరల నీరుగా మారుతుంది. అందుచేత నీరు పోసే పని ఉండదు. ఒత్తిడి మితిమీరితే తెరుచుకొని, తగ్గగానే మూసుకొనే చిన్న వాల్వులు పై మూత క్రింద ఉంటాయి. బ్యాటరీ మీద వి.ఆర్.ఎల్.ఎ. అని వ్రాసియుంటే దాని అర్థము ఇదే, వాల్వు కలది అని. జెల్ బ్యాటరీ కూడ ఈ జాతిదే. అందులో ఆమ్లము గట్టిపడిన గంజివలె ఉంటుంది.

ఇక్కడ ఒక మాట ముఖ్యముగా గమనించండి. ‘మెయింటెనెన్సు ఫ్రీ’ అంటే నీరు పోయనక్కరలేనిది అని మాత్రమే అర్థము. పడుకోబెట్టవచ్చునని అర్థము కాదు. నీరు పోసే మూతలు కనబడకుండా మూసివేసి, లోపల ద్రవమే ఉన్న బ్యాటరీలు కూడ ఆ పేరుతో అమ్ముడవుతాయి. ‘సీల్డు’ అనే మాట కూడ అంతే. దుకాణములో ఆ మాటలు విని సరిపెట్టుకొనక, “లోపల ఏ.జి.ఎం.ఏనా? దీనిని ప్రక్కకు పడుకోబెట్టి బిగించవచ్చునని కంపెనీవారు వ్రాశారా? ఎక్కడ వ్రాశారో చూపించండి” అని అడగవలెను. బ్యాటరీతో వచ్చే కాగితములోనో, పెట్టె మీదనో ఆ సంగతి ఉంటుంది. లేకపోతే ఆ బ్యాటరీ మనది కాదు.

మరియొక తేడా ఉన్నది. కొన్ని ఏ.జి.ఎం. బ్యాటరీలు పొడిగా వస్తాయి, ఆమ్లపు సీసాలు వేరుగా ఉంటాయి. అమ్మేటప్పుడు దుకాణములో పోసి మూత నొక్కుతారు. కొన్ని కర్మాగారములోనే ఆమ్లము నింపి, చార్జిచేసి, మూసి పంపుతారు. పడుకోబెట్టే చోటుకు రెండవదే మేలు. దుకాణములో పోసినప్పుడు ఆమ్లము చాపలలో బాగుగా ఇంకకముందే మూత నొక్కి బండికి కట్టి పంపే తొందర ఉంటుంది. అందుచేత కొందరు కంపెనీవారు అటువంటి వాటిని నిలబెట్టియే ఉంచమని చెప్పుతారు. ఏ.జి.ఎం. అయినా, జెల్ అయినా తలక్రిందులుగా మాత్రము పెట్టకూడదు. చార్జి ఎక్కువైన రోజున వాల్వు తెరుచుకొంటే వాయువుతోపాటు ఆమ్లము కూడ క్రిందికి వస్తుంది.

లిథియం బ్యాటరీ సంగతి కూడ ఆలోచించాము. లిథియం, ఇనుము, ఫాస్ఫేటు కలిసిన ఆ రకమును అమెరికాలో జాన్ గుడెనఫ్ బృందమువారు 1997లో ప్రకటించారు. ఆ శాస్త్రజ్ఞునికి లిథియం బ్యాటరీల పనికే 2019లో నోబెల్ బహుమానము కూడ వచ్చినది. అందులో కారే ఆమ్లము లేదు. బరువు సీసపు దానిలో మూడవ వంతు కూడ ఉండదు. అయితే ఖరీదు ఎక్కువ. బండిలో చార్జింగు వోల్టేజి హద్దు దాటితే అది ఓర్చుకొనలేదు. పైగా దారిలో పాడైతే చీరాలలోనే దొరికేది మాకు కావలెను. అందుచేత ఏ.జి.ఎం. దగ్గరే ఆగినాము. తిరుపతి దగ్గర కరకంబాడిలోని అమర రాజా కర్మాగారము మొదలుకొని ఇటువంటి బ్యాటరీలు చేసేవారు మన దేశములోనే ఉన్నారు గనుక చిన్న పట్టణాలలో కూడ అవి దొరుకుచున్నవి.

ఎన్నుకొనేటప్పుడు నాలుగు కొలతలు కాగితము మీద వ్రాసుకొని వెళ్ళాము. మొదటిది వోల్టులు, 12. రెండవది ఆంపియర్ అవర్లు. మా బండికి 5 అని పుస్తకములో ఉన్నది. అంతకు తక్కువది పెడితే సెల్ఫు మోటారును త్రిప్పే శక్తి చాలదు. మూడవది సైజు. మేము తీసుకొన్నది సుమారు పదకొండున్నర సెంటీమీటర్ల పొడవు, ఏడు వెడల్పు, పదిన్నర ఎత్తు. వెడల్పు వైపు పడుకోబెడితే ఎత్తు ఏడు సెంటీమీటర్లే. మా ఎనిమిదిన్నరలో అడుగున రబ్బరుకు, పైన పట్టీకి చోటు మిగిలినది. నాలుగవది ప్లస్సు, మైనస్సు ఏ వైపున ఉన్నవో చూచుట. పడుకోబెట్టిన తరువాత వైర్లు లాగకుండా అందవలెను. అందకపోతే వైరును అతుకు వేయక, సరియైన మందముగల కొత్త వైరు వేయించవలెను.

బిగించే పనికి బాబాయి ఒక పూట తీసుకొన్నారు. మొదట పాత ఆమ్లము పడినచోటంతా వంట సోడా కలిపిన నీటితో కడిగారు. నురుగు రావడము ఆగేవరకు కడిగి, మంచినీటితో మరల కడిగి, ఆరబెట్టి, రంగు వేశారు. ఈ పని చేసేవారు కండ్లకు అద్దాలు పెట్టుకొనవలెను. ఆమ్లము కంటిలో పడితే పావుగంటకు తక్కువ కాకుండా నీటితో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకు పోవలెను.

తరువాత ఇనుప రేకుతో నాలుగు అంచులూ పైకి మడిచిన చిన్న పళ్ళెము చేసి ఫ్రేముకు బోల్టులతో బిగించారు. అడుగున మూడు మిల్లీమీటర్ల రబ్బరు షీటు వేశారు. మేము సైకిలు ట్యూబు ముక్కలు ఇచ్చాము. “ఇవి వద్దమ్మాయ్, ఎండకు సాగి తెగిపోతాయి. గతుకులో బ్యాటరీ ఎగిరి ఫ్రేముకు తగిలిందంటే మంటే,” అని, లోపల రబ్బరు అంటించిన రెండు రేకు పట్టీలు వేశారు. బిగింపు కూడ మితముగానే ఉండవలెను. ప్లాస్టికు డబ్బా నొక్కుకొనిపోయేటంత బిగిస్తే లోపలి పలకలకు హాని.

ఏ ప్రక్కకు పడుకోబెట్టాలో కూడ ఆయన ఆలోచించియే పెట్టారు. మా బ్యాటరీలో రెండు టెర్మినల్సు పై మూతమీద ఒక అంచుకు దగ్గరగా ఉన్నవి. ఆ అంచు పైకి వచ్చేటట్లు పడుకోబెట్టారు. క్రిందికి వస్తే ఇనుప పళ్ళెమునకు తగిలే ప్రమాదము ఉన్నది. రెండింటికీ రబ్బరు టోపీలు తొడిగి, ప్లస్సు వైరుకు బ్యాటరీ దగ్గరగానే ఫ్యూజు పెట్టారు. ఊడదీసేటప్పుడు మైనస్సు ముందు, తగిలించేటప్పుడు ప్లస్సు ముందు. వాల్వులున్న పై మూతకు ఎదురుగా వ్రేలెడు ఖాళీ ఉంచారు. వాల్వు బ్యాటరీ కూడ ఎప్పుడో ఒకప్పుడు ఊపిరి వదులుతుంది గనుక దానిని గాలి ఆడని డబ్బాలో పెట్టకూడదు. సైలెన్సరుకు దూరముగా ఉన్నదా అనికూడ చూచారు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుస్సు ఇంచుమించు సగమవుతుందని ఈ పనివారి లెక్క.

చివరకు మీటరు పెట్టి చూచారు. బండి ఆపియుండగా 12.8 వోల్టులు. ఇంజను కొంచెము వేగముగా తిరుగుచుండగా 14.2. ఇది 13.8కి, 14.5కి మధ్య ఉండవలెను. అంతకు మించితే బ్యాటరీది కాదు, రెగ్యులేటరుది తప్పు. దానిని మార్చక ఎంత మంచి ఏ.జి.ఎం. పెట్టినా, లోపలి తడి ఆరిపోయి చచ్చిపోతుంది. ఆరిన చాపలలో మరల నీరు పోయడానికి దారి లేదు.

ఆ బ్యాటరీ మూడేండ్లకు పైగా పనిచేసినది. 2024 చివరలో సెల్ఫు కొంచెము మందగించగానే, పూర్తిగా ఆగిపోకముందే మార్చివేశాము. పళ్ళెము మీద ఒక్క ఆమ్లపు మరక కూడ లేదు. పాతదానిని దుకాణములోనే ఇచ్చాము, కొంత ధర తగ్గించారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమముల ప్రకారము పాత బ్యాటరీని చెత్తలో వేయకూడదు. సీసము మట్టిలోను, బావి నీటిలోను చేరితే పసిపిల్లలకు విషము.

ఈ మధ్య తమ్ముడు కూడ కొన్ని అలవాట్లు చేసుకొన్నాడు. బటనును అయిదు సెకండ్లకు మించి నొక్కడు. ఒకసారి అందుకొనకపోతే కొంతసేపు ఆగి మరల నొక్కుతాడు. వానాకాలములో పదిరోజులు బండి తీయకపోతే చిన్న చార్జరు పెడతాడు. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అర ఆంపియరు చాలును. ట్రాక్టరు బ్యాటరీలకు పెట్టే పెద్ద చార్జరుకు దానిని తగిలించనివ్వడు. నెలకొకసారి మా ఇంటికి వచ్చినప్పుడు సీటు తీసి పట్టీలు కదిపి చూస్తాడు. “ఏమి చూస్తున్నావు?” అని పిల్లలు అడిగితే, “మీరు చెప్పులు చూసుకోరా? నేనూ అంతే” అంటాడు.

ప్రియ పాఠకులారా, మీ ఇంటిలోను, మీ వీధిలోను, మీ సంఘములోను ఇటువంటి ప్రక్క చక్రాల బండి నడుపుకొనేవారు ఉండవచ్చును. బండి ఇప్పించినప్పుడు దండ వేసి ఫోటో తీయించుకొంటాము. అది మంచిదే. ఆ తరువాత ఒకసారి వారి దగ్గర ఆగి, సీటు క్రింద ఏ బ్యాటరీ ఉన్నది, అది నిలబడియున్నదా పడుకొన్నదా, గొట్టము ఎవరైనా మూసినారా అని అడిగి చూడండి. పడుకొనియుంటే, పడుకోదగిన రకమేనా అని కాగితము చూడండి. అయిదు నిమిషాల పని ఇది. రాత్రివేళ రోడ్డు ప్రక్కన పెట్టె మీద కూర్చొని ఎదురుచూచే మనిషికి ఆ అయిదు నిమిషాల విలువ తెలుసు.